పలకని మెట్టు

మూడేళ్ళప్పుడు కెజియాకి క్రిస్మస్ అంటే డప్పు చప్పుడు.
అర్ధరాత్రి క్యారల్స్ వాళ్ళు సంగడిగుంట సందులోకి తిరగ్గానే
నా చీర కుచ్చిళ్ళలో తల దూర్చి
ఒకటే కేకలు.
నాలుగో ఏడు, కేకు మీది చెర్రీ.
అయిదో ఏడు, ఫోనులో గంటలు మోగే పాట.
మంచు, బండి, జింకలు.
గుంటూరులో మంచేంటే అని నేను నవ్వితే
కోల్డ్ స్టోరేజీలో ఉంటదిగా అంది.
నిజమే. మా ఊళ్ళో చలికాలం అంటూ చూసేది
బస్తాల్లో మిరపకాయలే.

ఆరో ఏడు ఏమైందో తెలీదు.
గుడిలో స్పీకర్లు కాలిపోయిన ఆదివారం
యోనా తాత పాత హార్మోనియం బయటికి తీసి దులిపాడు.
తిత్తికి సైకిలు ట్యూబు ముక్క అతికించి ఉంది.
పైస్థాయిలో ఒక మెట్టు పలకదు.
నొక్కితే ఉత్త గాలి,
ముసలాయన నిట్టూర్పులా.

తాత పాడేది నిదానపు పాట.
పశువుల తొట్టి గురించి, గడ్డి గురించి.
ఒక్కో మాటా చప్పరిస్తూ,
ఉసిరికాయ తిని నీళ్ళు తాగినట్టు పాడతాడు.
నా చిన్నప్పుడు ఆ పాటకే నాకు నిద్ర ముంచుకొచ్చేది.
ఇదేమో చాప మీద ముందుకి జరిగీ జరిగీ
హార్మోనియానికి మోకాళ్ళు ఆనించి కూచుంది.

అప్పట్నుంచి నేను ఇంట్లో కాలు పెట్టగానే కథ కావాలి.
పొద్దస్తమానం తొడిమలు తీసి మండే చేతులు,
దాన్ని ముట్టుకోకూడదు.
మోచేతులతో దగ్గరికి లాక్కుని చెబుతాను.
చుక్క సంగతి ఒకసారి చెబితే చాలు.
కాపరుల దగ్గర మాత్రం ఆపుతుంది,
గొర్రెల్ని ఎవరికి అప్పజెప్పి వెళ్ళారని.
ఇక సత్రం సంగతి
ఎన్నిసార్లు చెప్పినా తీరదు.
"చోటు లేదని ఎట్టా చెప్పాడు?
తలుపు తీసా, కిటికీలోంచా?"

కిటికీలోంచే అన్నాను.

బ్రాడీపేటలో ఆ ఇంటికి
టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది.
ముందు మా పేర్లడిగాడు.
తర్వాత ఇంటిపేరు.
తర్వాత ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు అన్నాడు.
తర్వాత చోటు లేదు.
అప్పుడిది నా భుజం మీద ఉంది,
నిద్రపోతోందనుకున్నాను.

"సత్రం ఆయన పేరేంటమ్మా?"
పుస్తకంలో రాయలేదే.
"అయితే టులెట్ అంకుల్ అని పెడదాం."

ఈ ఏడు గుడికి కొత్త కీబోర్డు వచ్చింది.
డెబోరా టీచర్ పిల్లలకి ఆ పాత పాటే నేర్పుతోంది.
కీబోర్డు అన్ని స్వరాల్నీ
నూనె రాసినట్టు పలుకుతుంది.
కెజియా మాత్రం
ప్రతి చరణంలో, పాట పైకెక్కే చోట,
టక్కున ఆగి, చిన్న ఊపిరి పీల్చి,
అవతలి మాట నుంచి అందుకుంటుంది.
మిగతా పిల్లలు ముందుకెళ్ళిపోతారు.
"ఎందుకే ఆగుతావు?"
"అక్కడ గుంట ఉంది టీచర్, దాటాలిగా."
టీచర్‌కి అర్థం కాలేదు.
వెనక బల్ల మీద యోనా తాతకి మాత్రం
రాని దగ్గు వచ్చింది.
కండువా నోటికి అడ్డం పెట్టుకుని
చాలాసేపు దగ్గాడు.

నిన్న రాత్రి రెండింటికి క్యారల్స్ వచ్చాయి.
వెదురు పుల్లల చుక్క, దాన్లో మినుకుమనే బల్బు,
వెనకాల డప్పు.
అలవాటుగా కుచ్చిళ్ళు తడుముకున్నాను.
ఎవరూ లేరు.
మంకీ క్యాపుతో అది అప్పటికే సందు మధ్యలో,
డప్పు కొట్టే ప్రసంగి ఎదురుగా నిలబడి
అరచేత్తో గాలిని కిందికి నొక్కుతోంది,
మెల్లగా, మెల్లగా అని.
అతను నవ్వాడు. పుల్ల తగ్గించాడు.

ఎదురింటి లైటు వెలిగింది.
కుక్క అరిచి మానేసింది.
రెండున్నర గంటల్లో నాకు యార్డు ఆటో.
అయినా గడపలో నిలబడి నేనూ గొంతు కలిపాను.
పాట పైకెక్కింది.
గుంట వచ్చింది.
ఇద్దరమే ఆగాం.